లోపలికి చూడమని చెప్పింది నేనే

ఐదారేళ్ళ కిందట నాకు బస్సెక్కాలంటే భయం పట్టుకుంది. తమిళనాడు సరిహద్దులోని తిరుత్తణిలో ఒక ఇంటి మేడమీద గదిలో ఉంటాను. పెళ్ళి చేసుకోలేదు. పళ్ళిపట్టు వైపు ఒక ఊరి బడిలో తెలుగు చెబుతాను. ఏళ్ళ తరబడి అదే బస్సులో అదే రోడ్డు మీద వెళ్ళివచ్చినదాన్ని. అలాంటిది ఒకరోజు పొద్దున పొదటూరుపేట దాటగానే రొమ్ము మీద ఎవరో మోకాలు ఆనించి నొక్కుతున్నట్టు అనిపించింది. చేతులు చల్లబడ్డాయి. నోట్లో తడి లేదు. బస్సు ఆపించి దిగిపోయి, చెరకు తోట గట్టున అరగంట కూర్చున్నాను. తరువాతి వారం మళ్ళీ అదే జరిగింది. ఆ తరువాత వారంలో రెండుసార్లు.

గుండె జబ్బేమోనని తిరువళ్ళూరులో పెద్దాసుపత్రికి వెళ్ళాను. ఈసీజీ తీశారు, రక్తం తీశారు. గుండెకు ఏమీ లేదన్నారు. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ మాత్రం నన్ను వెంటనే పంపించేయలేదు. "మీరు టీచరు కదా, రాయడం అలవాటే ఉంటుంది. ఆ నొప్పి వచ్చిన రోజు, దానికి ముందు మనసులో ఏం తిరుగుతోందో రాసి చూడండి. అందంగా రాయనక్కర్లేదు" అంది తమిళంలో.

నాకు నమ్మకం కలగలేదు. అయినా పాత లెసన్ ప్లాన్ పుస్తకంలో మిగిలిపోయిన తెల్లకాగితాల్లో రాయడం మొదలుపెట్టాను. మొదటి రోజుల్లో రాసిందంతా ఒకటే: ఈరోజు నొప్పి వచ్చింది, ఎందుకో తెలీదు. మూడు వారాలయ్యాక వెనక్కి తిప్పి చదివితే ఒక సంగతి కనిపించింది. సాయంత్రం తిరిగొచ్చే బస్సులో నాకు ఒక్కసారి కూడా నొప్పి రాలేదు. శనివారాల్లో ట్రైనింగుకని వేరే ఊరికి బస్సులో వెళ్ళినప్పుడూ రాలేదు. అంటే నా భయం బస్సంటే కాదు, బస్సు చేరే చోటంటే.

బడిలో నాకు భయమేమిటి? హెడ్మిస్ట్రెస్ మంచి మనిషి. తెలుగు సెక్షన్లో పిల్లలు తగ్గిపోతున్నారన్న దిగులు ఉంది గానీ అది పాత దిగులు. ఇంకో పదిరోజులు రాశాక, ఒకనాడు నేను అనుకోకుండానే ఒక పిల్ల గురించి రాశాను.

నాలుగో తరగతి పిల్ల. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, వీధిలో తమిళం. డిక్టేషన్ చెబితే తెలుగు అక్షరాల మధ్య తమిళ అక్షరాలు వచ్చేసేవి. ఒకరోజు ఆ పిల్ల నోటుబుక్కు పైకెత్తి క్లాసంతటికీ చూపించి, "ఇది తెలుగూ కాదు, అరవమూ కాదు, ఇది రాసిన మనిషి మాదిరే" అన్నాను. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. వారం తిరక్కుండానే ఆ పిల్ల తమిళ సెక్షన్‌కు మారిపోయింది. స్టాఫ్ రూములో "ఇంకొకరు తగ్గిపోయినారు, కాలం అట్లా ఉండాది" అని నేనే అన్నాను. ఆ మాట ఎంత సులువుగా అనేశానో, రాసుకునేదాకా నాకు తెలియలేదు.

ఒక సాయంత్రం అత్తిమంజేరిపేటలో ఆ పిల్ల ఇంటికి వెళ్ళాను. ముందు గదిలో మరమగ్గాలు ఆడుతున్నాయి. ఆ చప్పుడులో గట్టిగా చెబితే గానీ వినబడదు. ఒక పిల్లను క్షమాపణ అడగడానికి వెళ్ళి అరిచినట్టు మాట్లాడవలసి వచ్చింది. వాళ్ళమ్మ మగ్గం ఆపి బయటికి వచ్చింది.

"అదేమంత పెద్ద సంగతి టీచరమ్మా. అది అప్పుడే మరిచిపోయింటాది" అంది.

పిల్ల తలుపు పక్కన నిలబడి ఉంది. మరిచిపోలేదని ముఖం చూస్తేనే తెలిసింది. "తప్పు నాది పాపా. నేనట్లా అనుండకూడదు" అన్నాను. ఆ పిల్ల లోపలికి వెళ్ళిపోయింది. నా సెక్షన్‌కు తిరిగి రాలేదు. కానీ కొన్నాళ్ళకు బడి ఆవరణలో కనిపిస్తే "వణక్కం టీచర్" అనడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి నా రొమ్ము మీద బరువు పోయింది. పళ్ళిపట్టు బస్సులో నిద్రపోవడం కూడా వచ్చేసింది.

ఇది నిజంగా జరిగింది. రాసుకోవడం నాకు మేలు చేసింది. ఆ సంగతి నేను ఇప్పటికీ కాదనను. తప్పు తరువాత జరిగింది. ఒకసారి పనిచేసిన మందును ఊరందరికీ పంచే మనిషిలాగా తయారయ్యాను. నిద్ర పట్టడం లేదన్న తోటి టీచరుకు, ఇంట్లో గొడవలని ఏడ్చిన వంటమనిషికి, అందరికీ ఒకటే చెప్పేదాన్ని: లోపలికి చూసుకోండి, అక్కడే దొరుకుతుంది. చెప్పేటప్పుడు నాకే ఎంతో తృప్తిగా ఉండేది.

నాకు ఒక చెల్లెలు. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. అమ్మ పోయినప్పుడు దానికి ఏడేళ్ళు, జడ కూడా నేనే వేసి బడికి పంపేదాన్ని. పెళ్ళయ్యాక తిరువళ్ళూరులో ఒక ఇంటి రెండో అంతస్తులో కాపురం పెట్టింది. మరిది, అంటే దాని భర్త, కాట్టుపల్లి ఓడరేవులో కాంట్రాక్టు పని చేస్తాడు. తెల్లవారగానే వ్యాను వస్తుంది, చీకటి పడ్డాక దింపుతుంది. చెల్లెలు ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో లైన్లో నిలబడి పనిచేసేది. కడుపుతో ఉన్న ఆరో నెలలో మానేసింది.

ఎనిమిదో నెలలో ఒకరోజు కడుపులో కదలిక ఆగిపోయింది. సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళేసరికి ఏమీ మిగల్లేదు. ఆడపిల్ల. నేను సెలవు పెట్టి పదిరోజులు దాని దగ్గర ఉన్నాను. పాలు ఆగడానికి మాత్రలు ఇచ్చారు. అవి వేసుకునేటప్పుడు మాత్రం ఏడ్చేది. మిగతా వేళ గోడకు ఆనుకుని కూర్చునేది. పదకొండో రోజు నేను బడికి వచ్చేశాను.

రెండు నెలలు పోయాక మరిది ఫోన్ చేశాడు.

"వదినా, అది సరిగ్గా అన్నం తినలే. నేను డ్యూటీకి పొయ్యేటప్పుడు ఎట్లా కూర్చోనుంటాదో, వచ్చేటప్పుడు అట్లానే కూర్చోనుండాది. పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు ఉండాడంట. పోయి చూపించేద్దామా?"

"తొందరపడొద్దయ్యా" అన్నాను. "మాత్రలు మొదలుపెడితే మనిషి మొద్దుబారిపోతాది. ముందు దాని లోపల ఏముండాదో దాన్నే తెలుసుకోనీ. ఆదివారం నేను వస్తా."

"నీకు తెలియందేముండాది వదినా. నువ్వు చెప్తే సరి" అన్నాడు. అతను చదివింది పదో తరగతి. నేను టీచర్ని. అతను నా మాట విన్నాడు.

ఆ ఆదివారం రైల్లో వెళ్ళేటప్పుడు ఒక పెద్ద నోటుబుక్కు, రెండు పెన్నులు కొనుక్కుని వెళ్ళాను. దాని పక్కన కూర్చుని చేతికిచ్చాను.

"దినామూ రాయి. ఏమనిపిస్తే అది."

"నాకు తెలుగు రాయను రాదు గదక్కా."

"తమిళంలోనే రాయి. ఎవురికీ చూపించేది లేదు. నాక్కూడా వొద్దు."

"ఏం రాసేది?"

"ఏడుపు వస్తే ఎందుకు వచ్చిందో చూడు. దానికి ముందు ఏం యోసన చేసినావో చూడు. లోపలికి చూస్తే దొరకతాది."

"ఏం దొరకతాది?"

"కారణం" అన్నాను.

ఆ మాట నేను ఎలా అన్నానో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. పాఠం చెప్పే గొంతుతోనే అన్నాను.

మొదటి రెండు మూడు వారాలు బాగానే ఉన్నట్టు అనిపించింది. మరిది వెళ్ళగానే రాయడానికి కూర్చునేది. ఫోన్ చేస్తే "మూడు పేజీలు రాసినానక్కా" అనేది. హోంవర్కు చేసిన పిల్లను మెచ్చుకున్నట్టు మెచ్చుకునేదాన్ని. తరువాత ఐదు పేజీలు, ఎనిమిది పేజీలు. "ఎట్లుండావే?" అని అడిగితే "రాస్తా ఉండానక్కా" అనేది. బాగుండాను అని ఒక్కసారి కూడా అనలేదు. నేను పేజీలు వింటున్నాను, గొంతు వినలేదు.

మరిది మళ్ళీ చెప్పాడు. "ఒకే పనిగా రాస్తా ఉండాది వదినా. పాలు పొంగి స్టవ్వు ఆరిపొయ్యింది, గ్యాసు వాసన కొడతా ఉంటే కింద ఓనరమ్మ వచ్చి కట్టేసింది. ఇది అక్కడే కూర్చోనుండాది."

"లోపలుండేదంతా బయటికి వస్తా ఉండాది. రానీ" అన్నాను.

మూడోసారి అతను అడగలేదు, ఏర్పాటు చేసుకునే చెప్పాడు. మంగళవారం లీవు తీసుకున్నానని, ఆసుపత్రికి తీసుకుపోతున్నానని. నాకు క్వార్టర్లీ పరీక్షలు జరుగుతున్నాయి. "ఒక రెండు వారాలు ఆగయ్యా, నేనూ వస్తా, నేను లేకుండా డాక్టరుకు సరిగ్గా చెప్పలేరు" అన్నాను. అతను లీవు రద్దు చేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆ రెండు వారాలు గడవకముందే, ఒకరోజు మధ్యాహ్నం బడిలో అన్నం తింటుంటే మరిది ఫోన్ చేశాడు. ఇల్లు తెరిచిపెట్టి ఉందని, చెల్లెలు పొద్దుటినుంచీ లేదని కింద ఇంటావిడ చెప్పిందట. తను కాట్టుపల్లి నుంచి బయలుదేరాడు. నేను దొరికిన బస్సు ఎక్కి తిరుత్తణి వచ్చి, రైలెక్కాను. అరక్కోణంలో బండి ఆగినంతసేపూ తలుపు దగ్గరే నిలబడ్డాను. ఎక్కడ వెదకాలో తెలియదు. ఎవరి ఇంటికి వెళ్తుంది అది? దానికి నేను తప్ప ఎవరున్నారు?

వెదకనక్కర్లేకపోయింది. తిరువళ్ళూరు స్టేషన్లో దిగగానే కనిపించింది. ప్లాట్‌ఫాం చివర, నీడ లేని చోట, బెంచీ మీద కూర్చుని ఉంది. కాళ్ళకు చెప్పులు లేవు. పక్కన ఒక పేపర్ కప్పులో టీ తెట్టె కట్టి ఉంది. పూలమ్మే ముసలావిడ కొనిచ్చిందట. "పొద్దున ఎనిమిదింటి నుంచీ ఇక్కడే ఉందమ్మా. ఏ రైలూ ఎక్కడం లేదు. నాకు భయమేసి ఇటే చూస్తూ కూర్చున్నాను" అంది ఆవిడ తమిళంలో.

"యాడికి పోదామని వచ్చినావే?" అని అడిగాను.

"సుమ్మా వచ్చినా" అంది. ఏ పనీ లేకుండా ఊరికే.

అంతలో ఆగని బండి ఒకటి పెద్ద చప్పుడుతో వెళ్ళింది. అది వస్తుండగా చెల్లెలి ముఖం ఇంజను వైపు తిరిగి, బండి వెళ్ళినంత మేరా దానితోపాటే కదిలింది. నేను దాని మణికట్టు పట్టుకున్నాను. మరిది వచ్చేదాకా వదల్లేదు.

ఆ సాయంత్రం అది పడుకున్నాక నోటుబుక్కు తీసి చదివాను. చూపించనక్కర్లేదని మాట ఇచ్చినదాన్నే. మొదటి పేజీల్లో రకరకాల సంగతులు ఉన్నాయి. ఆసుపత్రిలో పక్క మంచం ఆమె బిడ్డ ఏడుపు, కుట్టించి పెట్టిన చిన్న గౌను, ఫ్యాక్టరీ స్నేహితురాళ్ళు. ఇరవయ్యో పేజీ దాటాక ఒకటే ఒక రోజు, కడుపులో కదలిక ఆగిన రోజు. ఎనిమిదింటికి కదల్లేదు, నేను బట్టలు ఉతికాను. పదకొండింటికి కదల్లేదు, నేను అన్నం తిన్నాను. మూడింటికి కదల్లేదు, నేను నిద్రపోయాను. ఆసుపత్రికి ఎందుకు పోలేదు? మరుసటి రోజు మళ్ళీ అదే, ఇంకొక్క వివరం ఎక్కువ. రెండు బకెట్లు మోశాను. కారం తిన్నాను. ఎడమవైపు కాక కుడివైపు పడుకున్నాను. చివరి పేజీల్లో వాక్యాలు కూడా లేవు. ఎనిమిది, పదకొండు, మూడు. పేజీ నిండా అవే అంకెలు, అందమైన చేతిరాతతో.

కారణం వెతకమన్నాను. వెతికింది. దానికి దొరికిన కారణం అదే.

మరునాడు ఆసుపత్రిలో డాక్టరు, పెద్ద వయసు మనిషి, అడిగాడు: "ఎన్నాళ్ళనుంచి ఇలా ఉంది?"

"ఐదు నెలలు సార్" అన్నాడు మరిది.

"ఇన్నాళ్ళూ ఎందుకు తీసుకురాలేదు?"

మరిది ఒక్కసారి నా వైపు చూశాడు. తరువాత నేల చూపులు చూస్తూ "డ్యూటీ సార్. లీవు దొరకలేదు" అన్నాడు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. ఆ మాట అలాగే సాగనిచ్చాను.

వాళ్ళిద్దరూ బయటికి వెళ్ళాక నోటుబుక్కు డాక్టరు ముందు పెట్టి, ఇది నేను ఇచ్చానని చెప్పాను. నాకు మేలు చేసిందని కూడా చెప్పాను. ఆయన రెండు పేజీలు చదివి మూసేశాడు.

"మీరు లోపలికి వెళ్ళి చూసి తిరిగి రాగలిగారు. ఆ అమ్మాయికి ఇప్పుడు తిరిగి వచ్చే బలం లేదు. వెళ్ళిన చోటే తిరుగుతోంది. ఇక రాయనివ్వకండి" అన్నాడు.

"ముందే తీసుకొచ్చి ఉంటే?"

"కొంత సులువయ్యేది" అన్నాడు. కోపంగా అనలేదు. బెల్లు కొట్టి తరువాతి వాళ్ళను పిలిచాడు.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. మాత్రలు రెండుసార్లు మార్చారు. ఇప్పుడు చెల్లెలు స్టేషన్‌కు వెళ్ళదు. అడిగిన మాటకు జవాబు చెబుతుంది. ఒళ్ళు వచ్చింది. చేతులు సన్నగా వణుకుతాయి, అందుకని ముగ్గు వేయడం మానేసింది. ఏడవదు, నవ్వదు. డాక్టరు దీన్ని నిలకడగా ఉందని అంటాడు. ఆయన మాట నిజమే అయి ఉంటుంది.

ఒక ఆదివారం ధైర్యం తెచ్చుకుని దానితో అన్నాను. "నేను ఆ నోటుబుక్కు ఇచ్చినాను గదా, దాన్తోనే ఇంత దూరం వచ్చింది. మీ ఆయన ఆసుపత్రికి పోదామంటే వొద్దన్నది కూడా నేనే. నన్ను మన్నించవే."

"ఏ నోటుబుక్కు?" అంది.

అంతా మొదటినుంచీ చెప్పాను. టీవీ మీదినుంచి చూపు తిప్పకుండానే వింది.

"అవునా. నాకు గ్యాపకం లేదక్కా. నువ్వు మంచికే చెప్పింటావు" అంది. తరువాత "తలుపు దగ్గరికెయ్యి, ఎండ కొడతా ఉండాది" అంది.

ఆ రోజు తిరిగి వస్తుంటే అరక్కోణం దాటాక నాకు మళ్ళీ రొమ్ము పట్టేసింది. ఇప్పుడు రైల్లో. ఇంటికి వచ్చి పుస్తకం తీసి రాశాను. ఈసారి నెలరోజులు వెతకనక్కర్లేకపోయింది. మొదటి వాక్యంలోనే కారణం ఉంది. ఏ రోజు, ఏ మాట, ఏ గొంతుతో అన్నానో అన్నీ ఉన్నాయి. తెలిసి ఏం లాభం? నొప్పి పోలేదు. అప్పుడు వెళ్ళి అడగడానికి ఒక ఇల్లు ఉంది, తలుపు పక్కన నిలబడి నన్ను గుర్తుపెట్టుకున్న ఒక పిల్ల ఉంది. ఇప్పుడు అడిగితే వినే మనిషి లేదు.

ఆ పేజీలు మరోసారి చదివితే ఇంకొకటి కనిపించింది. చెల్లెలి గురించి రాశాననుకున్న ప్రతి వాక్యమూ నేను అన్న మాటతోనే మొదలైంది. నేను చెప్పాను, నేను ఆపాను, నేను చూడలేదు. దాని మీద జాలి కూడా చివరికి నా మీదికే తిరుగుతోంది. ఆ రోజుతో రాయడం మానేశాను. మానేసినందువల్ల కూడా ఏమీ మారలేదు. ఇప్పుడు ఇది రాస్తున్నది మందుగా కాదు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని మాత్రమే.

ఈ ఏడాది వేసవిలో మరిది వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"వదినా, వ్యానులో దినామూ పోయి వచ్చేదానికి నా వల్ల కావడం లేదు. కాట్టుపల్లి పక్కనే నలుగురితో కలిసి రూములో ఉంటా. దాన్ని నీ దగ్గర పెట్టుకుంటావా?"

"ఎన్ని దినాలకు?"

అతను సంచిలోంచి దాని మాత్రల చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. నేను మళ్ళీ అడగలేదు. డాక్టరు ముందు నా తప్పు తన మీద వేసుకున్న మనిషి. అతన్ని నేను ఏమని అడగను?

అప్పటినుంచి చెల్లెలు నాతోనే ఉంది. మొదటి నెల మరిది ప్రతి ఆదివారం వచ్చాడు. తరువాత నెలకొకసారి. ఇప్పుడు ఫోన్ చేస్తాడు, అదీ నాకే. పొద్దున మాత్ర ఇచ్చి, అన్నం మూతపెట్టి బడికి వెళ్తాను. సాయంత్రం వచ్చేసరికి కిటికీ పక్కన ఉంటుంది. మా తెలుగు సెక్షన్లో ఇప్పుడు పదకొండు మంది పిల్లలున్నారు. వచ్చే ఏడు ఉంటుందో లేదో తెలియదు.

ఊరికే కూర్చోకుండా చేతికి పని ఇవ్వమని డాక్టరు అన్నాడు. పోయిన వారం బడికి వెళ్తూ ఉల్లిపాయల బుట్ట దాని ముందు పెట్టి, "కొంచెం ఒలిచిపెట్టు, సాయంత్రం సాంబారు చేద్దాం" అన్నాను. తిరిగి వచ్చేసరికి బుట్ట ఖాళీగా ఉంది. చిన్న ఉల్లిపాయలు, రెండు కిలోలు, అన్నీ ఒలిచేసింది. పొట్టు గదంతా ఎగిరింది. దాని కళ్ళు ఎర్రగా వాచి, చెంపల మీద నీళ్ళు కారి ఆరిపోయి ఉన్నాయి. మధ్యాహ్నం పెట్టిన అన్నం అలాగే ఉంది.

"ఇన్ని ఎందుకు ఒలిచినావే?" అన్నాను.

"ఆపమని ఎవురూ చెప్పలే" అంది.

చేతులు కడిగించి అన్నం పెట్టాను. సాంబారుకు కావలసినన్ని తీసుకుని, మిగతావి డబ్బాలో వేసి కింద ఇంటివాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టించాను. గది ఊడ్చాను. వచ్చే మంగళవారం మళ్ళీ తిరువళ్ళూరు ఆసుపత్రికి వెళ్ళాలి. మాత్ర పెంచాలో మార్చాలో చూస్తామన్నారు. లీవు లెటరు రాసి సంచిలో పెట్టుకున్నాను.